రెండు పంపులు, ఒక స్టూలు

మన్సూర్ చాచా మెట్లెక్కి పైకి వచ్చేసరికి నేను గచ్చు మీద మోకాళ్లు వేసి, మా అమ్మ పాత చీరతో నీళ్లు ఒత్తి బకెట్టులోకి పిండుతున్నాను. ఆయన చేతిలో చిన్నపిల్ల గౌను ఒకటి ఉంది. గులాబీ రంగుది, మెడ చుట్టూ పూసలు కుట్టినది. దాని అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. మంచినీళ్లయితే ఆరేస్తే పోయేది. అవి నా ట్యాంకులోని ఉప్పునీళ్లు, ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి. కింద ఆయన కుట్టిస్తున్నవి పండగ బట్టలు. కలకత్తా మెటియాబ్రుజ్‌లో పండగ ముందు దర్జీ మేస్త్రి బట్టల మీద ఉప్పునీళ్లు పోసినవాళ్లు ఎవరూ బాగుపడినట్టు నేను వినలేదు.

ఆయన అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. నా నోరు ఎలాంటిదో ఈ గల్లీ అంతటికీ తెలుసు, ఇద్దరం కాసేపు కేకలు వేసుకుని చల్లబడేవాళ్లం. గౌను నా ముందు పెట్టి, హిందీలో నెమ్మదిగా ఒకటే మాట చెప్పాడు. ఈసారికి వదిలేస్తున్నాను, నా కప్పు నుంచి ఇంకొక్క చుక్క పడితే ఈ గాజుపెట్టె ఈ ఇంట్లో ఉండదు అన్నాడు. ఇల్లు ఆయనది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాం, అన్నాడంటే చేస్తాడు. నేను తల ఊపాను.

ఇంతకీ ఆ గాజుపెట్టె సంగతి చెప్పాలి. ఊళ్లోవాళ్ల చేపల ట్యాంకులు కడగడం నా ఉద్యోగం. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్ ఆఫీసుల్లో, రిసెప్షన్ బల్ల పక్కన, నీలం దీపాల కింద ఈదుతుంటాయే, ఆ చేపలకు స్నానం చేయించేది నేనే. రెండు బస్సులు, ఒక ఆటో మారి వెళ్తాను. పోయినేడు ఒక ఆఫీసు వాళ్లు గోడలకు రంగులు మార్చుకుంటూ ట్యాంకు కూడా తీసేశారు. అందులో ఒక లెదర్ కోరల్ ఉండేది. పుట్టగొడుగు ఆకారంలో ఉండే మెత్తటి పగడం అది. బాగున్నప్పుడు పైనంతా సన్నటి పూలు పూసినట్టు విచ్చుకుంటుంది, అలిగిందంటే ముడుచుకుని తోలుముక్కలా పడి ఉంటుంది. అప్పటికి అది గోధుమరంగు తోలుముక్కే. చచ్చిపోయింది, చెత్తబుట్టలో వెయ్యి అన్నారు. చచ్చిందో లేదో చెప్పడానికి మీరేమన్నా డాక్టర్లా అని మనసులో అనుకుని, నా టిఫిన్ డబ్బాలో ట్యాంకు నీళ్లు పోసి దాన్ని అందులో పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆ రోజు నా అన్నం వీధికుక్కలు తిన్నాయి.

అది బతికింది. వేరే చోట తీసేసిన మూడడుగుల పాత ట్యాంకు దొరికింది, తెలిసిన దుకాణం వాళ్లు ఒక జత క్లౌన్ చేపలిచ్చారు. ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ చూస్తే పగడం పూర్తిగా విచ్చుకుని ఉంది. నోట్లో నురగతోనే అమ్మను కేకేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఇన్నేళ్లూ కడిగినవన్నీ ఊరివాళ్లవి. ఇది నాది. దీన్ని పోగొట్టుకుంటే ఇంకోటి తెచ్చుకోలేను, తెచ్చుకున్నా అది ఇది కాదు.

సముద్రపు ట్యాంకు మామూలు చేపల తొట్టి కాదు. కింద సంపు ఉండాలి. పైన ట్యాంకులోని నీళ్లు కింద సంపులోకి దిగాలి, అక్కడ శుభ్రపడాలి, పంపు వాటిని మళ్లీ పైకి కొట్టాలి. ఎంత పైకెక్కిందో అంతే దిగాలి. ఎక్కువ ఎక్కితే పైన పొర్లుతుంది, ఎక్కువ దిగితే కింద పొర్లుతుంది. ఎటు పొర్లినా చివరికి చేరేది మన్సూర్ చాచా గౌనుల మీదికే. నాది పాత ట్యాంకు, దానికి నీళ్లు దిగే రంధ్రం లేదు. అందుకని అంచు మీదుగా వంపు గొట్టం వేలాడదీసి నీళ్లు కిందికి లాగించాను. ఆ గొట్టంలో గాలి చేరింది, లాగడం ఆగింది. పంపుకు ఆ సంగతేం తెలుసు? అది కొడుతూనే ఉంది. ఆ ఫలితమే గులాబీ గౌను.

చాచా దిగి వెళ్లాక మా నాన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పేరు సోములు. వానాకాలంలో ఊరి మురుగునీరు ఎత్తిపోసే పంప్‌హౌస్‌లో పంపు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. వంపు గొట్టాన్ని తీసి వెలుతురులో పట్టుకుని, దొంగను చూసినట్టు చూశాడు.

"నాను ముందే సెప్పినాను గుంటా. నీరు దానికది దిగదు. దింపాల."

మా నాన్న మాటకు అర్థం తెలియాలంటే ఈ ఊరు తెలియాలి. కలకత్తా ఒక పళ్లెం. నది ఒడ్డు ఎత్తు, ఊరు పల్లం. పోటు వచ్చిందంటే నది ఊరికన్నా పైన నిలబడుతుంది, తూములు మూసేస్తారు, వాన మాత్రం ఆగదు. అప్పుడు ఊళ్లో పడిన ప్రతి చుక్కనూ ఎవరో ఒకరు పంపుతో ఎత్తి అవతల పొయ్యాలి. ముప్పై ఏళ్లు ఆ ఎవరో ఒకరు మా నాన్నే. నీరు పల్లమెరుగు అంటారు కదా, మా నాన్న ముందు అనకండి. పల్లమెరిగి ఏం చేస్తుంది, అక్కడే కూర్చుని ఇళ్లలోకి వస్తుంది అంటాడు.

కాబట్టి ఆయన తీర్పు చెప్పేశాడు. పైన ఒక పంపు, కింద ఒక పంపు. కిందిది పైకి కొడుతుంది, పైది కిందికి కొడుతుంది. రెంటికీ చెరొక వాల్వు. నీళ్లను గమనిస్తూ వాల్వులు తిప్పి రెండూ సమానం చెయ్యాలి. నాకు ఇది తప్పని తెలుసు. ఆఫీసుల్లో ఎక్కడా ఇలా ఉండదు. కానీ నేను పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాను, ఇంట్లో ఉండేది ఆయన, చాచా మాట నెత్తి మీద వేలాడుతోంది. పైగా రిటైరైనప్పటి నుంచి మా నాన్న కళ్లలో అంత వెలుగు నేను చూడలేదు. సరే కానీ అన్నాను.

ఆయన వంటింట్లోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ట్యాంకు ముందు వేసుకుని కూర్చున్నాడు. గాజు మీద నీటిమట్టం దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీశాడు. గీత దాటి నీరు లేస్తే ఒక వాల్వు కొంచెం తిప్పుతాడు, గీత కిందికి దిగితే ఇంకోటి. నమ్మండి, నమ్మకపోండి, సమానం చేశాడు. రోజంతా నీరు గీత మీదే నిలబడింది. పగడం విచ్చుకుంది, చేపలు దాని మీద దొర్లాయి. కింద నుంచి చాచా, "సోములుదా, పానీ ఠీక్ హై?" అని అరిచాడు, నీళ్లు సరిగ్గా ఉన్నాయా అని. మా నాన్న స్టూలు మీంచి లేవకుండానే, గీత మీద ఉంది అని హిందీలో జవాబిచ్చాడు. అది రోజూ జరిగే తంతు అయింది.

నాకు సంతోషంగానే ఉండింది, ఒప్పుకుంటాను. కానీ రెండు పంపులంటే రెండు ఎద్దులు. ఒకటి అడుగేసినట్టు ఇంకోటి వెయ్యదు. కిందింట్లో ఇస్త్రీ పెట్టెలన్నీ ఒక్కసారి పెట్టారంటే కరెంటు తగ్గుతుంది, ఒక పంపు నీరసిస్తుంది, రెండోది అంత నీరసించదు. పైపంపు మూతికి పాచి అంటుకుంటుంది, అది తక్కువ తాగుతుంది. వేలెడు తేడా చాలు, కాసేపట్లో బకెట్టు నీళ్లవుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాడి మా నాన్న. ఆయన లేస్తే బండి తిరగబడుతుంది.

అందుకని ఆయన లేవడం మానేశాడు. నేను వచ్చేవరకూ స్టూలు మీదే. మలుపులో టీ కొట్టు దగ్గర ఆయన ఆడే చదరంగం వేరేవాళ్లు ఆడుకుంటున్నారు. అన్నం కంచం ఒళ్లోకే వచ్చేది. కంచం చూస్తే గీత కనపడదని ఒక కన్ను గాజు మీద పెట్టి తినేవాడు. మా అమ్మ సన్యాసమ్మ నోరు నా నోటికి తల్లి. తాళి కట్టింది నాకా, ఆ గాజుపెట్టెకా అని మొదలుపెట్టి, నాకు ఇక్కడ రాయడానికి వీల్లేని దాకా వెళ్లేది. ఆయన వినేవాడు కాదు. ఒకసారి ఆయన పాదాలు చూశాను, పిండి ముద్దల్లా ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఆదివారం కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను, బట్టలు మడతపెడుతున్నాను. అమ్మ కేక వినిపించింది. మాటలు కాదు, కేక. పరుగెత్తి వెళ్తే నాన్న స్టూలు మీద కూర్చునే, గోడకు తల ఆన్చి నిద్రపోతున్నాడు. నీళ్లు గాజు అంచుకు వచ్చి, ఉబ్బి, ఇక పొర్లడమే తరువాయిగా నిలబడి ఉన్నాయి. అమ్మ నా కన్నా ముందు స్విచ్చు బోర్డు మీద పడి, ఉన్న ప్లగ్గులన్నీ పీకేసింది. ఫ్యానుతో సహా అన్నీ ఆగిపోయాయి. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

ఆ నిశ్శబ్దానికి నాన్న లేచాడు. ముందు గీత చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆయన మొహం చూడలేకపోయాను. ముప్పై ఏళ్లలో డ్యూటీ మీద రెప్ప వాల్చని మనిషి. నాకు ఆయన మీద జాలి, నా మీద కోపం, ఆ రెండు పంపుల మీద పట్టరాని మంట, అన్నీ ఒక్కసారి వచ్చాయి. అప్పుడే అనుకున్నాను, అయిపోయింది, ఈ రెండో పంపు నా ఇంట్లో ఉండదు. గాజుకు రంధ్రం కొడతాను, నీరు దానికది దిగుతుంది, మా నాన్న స్టూలు మీంచి లేస్తాడు. లేవకపోతే నా పేరు పుష్పరాణి కాదు.

చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు. గాజు పగులుతుంది అన్నాడు. పగలకపోయినా నీరు దిగదు అన్నాడు. దిగినా మధ్యలో ఆగుతుంది, నీ వంపు గొట్టం ఆగలేదా అన్నాడు. వంపు గొట్టం నీటిని ముందు పైకెక్కించి తర్వాత దింపాలి, అందుకే గాలి చేరితే ఆగింది, రంధ్రం అలా కాదు, నీటి అంచు దగ్గరే తలుపు తీసినట్టు, ఎక్కడమనేదే ఉండదు అని నేను చెప్పాను. ఈ ట్యాంకు కలకత్తా కాదు నాన్నా, దీన్ని బల్ల మీద పెట్టాం, దీనికి పల్లం ఉంది అన్నాను. ఎంత పైకి కొడితే అంత దానికదే దిగుతుంది, కొట్టేది ఒక్క పంపు, దింపేది నీటి బరువు అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"నీరు దానికది దిగిపోతాదంటే, మరి నాకు ముప్పై ఏళ్లూ జీతం ఎందుకిచ్చినారే?"

ఆ మాట గుచ్చుకున్నంత మాత్రాన పని ఆపే రకం కాదు నేను. మా వంశంలో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు. మరుసటి ఆదివారానికి డ్రిల్లు మిషను, గాజు కోసే గుండ్రటి వజ్రపు పన్ను, పైపులు, బిగించే రబ్బరు వాషర్లు అన్నీ దుకాణం నుంచి అడిగి తెచ్చాను. ఆ వారమంతా ఆఫీసుల్లో ట్యాంకులు కడుగుతూ వాటి వెనక పైపులే చూశాను. ఏ ట్యాంకుకు ఎంత పంపు, ఎంత లావు పైపు, అన్నీ గుర్తు పెట్టుకున్నాను. ఒకటి మాత్రం అన్నిచోట్లా ఒకటే. దిగే దారి ఎక్కే దారి కన్నా పెద్దది. అది కాకుండా, మొదటి దారి మూసుకుపోతే దిగడానికి రెండో దారి ఒకటి ఖాళీగా ఉంచుతారు.

పగడాన్నీ చేపలనూ బకెట్లోకి మార్చి, గాలి బుడగల గొట్టం వేశాను. ట్యాంకు నీళ్లు సగానికి దించి, వెనక గాజుకు లోపలివైపు టేపు అంటించి, మీద చెక్కముక్క బిగించి, డ్రిల్లు ఆన్చాను. గాజును మెల్లగా కొయ్యాలి, వేడెక్కకుండా పైనుంచి సన్నగా నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి. ఆ ధార పోసే పని అమ్మది. నీళ్లు ఒకసారి బుడుంగున పడితే ఒకసారి అసలు పడవు. డ్రిల్లు గీ అని అరిచినప్పుడల్లా అమ్మ సింహాచలం అప్పన్నను పిలిచేది, పిలిచినప్పుడల్లా మగ్గు పక్కకు పోయేది. గాజు కాలిన వాసన వచ్చింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అమ్మ చేతిలో మగ్గు తీసుకుంది. పగిలిపోద్ది, సూస్తుండు అని గొణుగుతూనే నాన్న ధార పోశాడు. దారం అంత సన్నగా, తెగకుండా, సరిగ్గా పన్ను మీదికి. మగ్గు ఖాళీ అయ్యేలోపు అమ్మ ఇంకో మగ్గు అందించేది. నేను నొక్కకుండా, డ్రిల్లు బరువుకే వదిలి కోశాను. చాలాసేపటికి గాజు లోంచి గుండ్రటి బిళ్ల ఒకటి ఊడి టేపు మీదికి వాలింది. నాన్న ఆ బిళ్లను తీసి, అంచులు బొటనవేలితో తడిమి, చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండో రంధ్రానికి మళ్లీ పగిలిపోద్ది అన్నాడు, మళ్లీ ధార పోశాడు. పగల్లేదు.

పైపులు బిగించి, లోపల రంధ్రాలకు అడ్డంగా, పై అంచున దువ్వెన పళ్లున్న చిన్న గాజు గది అమర్చి, అతుకులు ఆరేవరకూ ఆగి, నీళ్లు నింపి, పంపు వేశాను. ఒకే పంపు. నీళ్లు పైకెక్కాయి, పళ్ల మీదుగా చిన్నగదిలోకి దూకాయి, మొదటి పైపులోంచి కిందికి దిగాయి. దిగుతూ గడగడమని ఇల్లంతా వినిపించేంత చప్పుడు. చూసినావా, గాలి మింగతంది అన్నాడు నాన్న. చూశాను. ఆ పైపుకు పెట్టిన వాల్వు కొంచెం మూశాను. చప్పుడు తగ్గింది. ఇంకొంచెం మూశాను. చిన్నగదిలో నీళ్లు లేచి రెండో పైపు మూతిని అందుకున్నాయి, ఎక్కువైంది. వెంట్రుకవాసి తెరిచాను. మూస్తూ, తెరుస్తూ, ఆగి వింటూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. మొదటి పైపు నిండా నీళ్లే, గాలి లేదు. మిగిలిన పిసరు రెండో పైపులోంచి సన్నగా జారుతోంది. పైకెక్కేదీ కిందికి దిగేదీ ఒకటైపోయాయి. కింద కుట్టు మిషన్ల చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది.

అప్పుడు నాన్నకు చూపించడానికి పరీక్షలు పెట్టాను. పంపు ఆపాను. నీళ్లు పళ్ల దాకా దిగి, అక్కడ ఆగిపోయాయి. సంపు నిండింది గానీ పొర్లలేదు, దానికి కావలసిన ఖాళీ ముందే వదిలాను. పంపు వేశాను, మళ్లీ అదే మట్టం. తర్వాత మొదటి పైపు వాల్వు పూర్తిగా మూసేశాను. నాన్న ముందుకు ఉరికాడు. ఆగు అన్నాను. నీళ్లు లేచాయి, రెండో పైపు గబగబా మింగడం మొదలుపెట్టింది, ఇల్లెగిరిపోయేంత చప్పుడు చేసింది గానీ ఒక్క చుక్క బయట వెయ్యలేదు. పైకి ఎంత కొట్టినా దిగుతుంది నాన్నా, చూశావు కదా అన్నాను. సూసినాను అన్నాడు. ఊడదీసిన రెండో పంపును గుడ్డతో తుడిచి, అటక మీద పెట్టాడు. గెలిచేశాను అనుకున్నాను. వెర్రిముఖాన్ని.

మర్నాడు పని నుంచి వస్తే ఆయన స్టూలు మీద ఉన్నాడు. వాల్వు తిప్పే పని లేదు, గీత మీంచి నీరు కదలదు, అయినా కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. పగడం పళ్లెమంత విచ్చుకుంది, దాన్ని చూసేవాడు కాదు, గీతనే చూసేవాడు. పాదాల వాపు తగ్గలేదు. చాచా కింద నుంచి పానీ ఠీక్ హై అంటే, గీత మీద ఉంది అని జవాబు. నా తలప్రాణం తోకకొచ్చింది. ఇంత చేసింది దేనికి? పగడం కోసమే అయితే ఎప్పుడో నెగ్గాను. ఈ మనిషి లేవకపోతే నా రంధ్రాలకు అర్థం లేదు.

శనివారం ఆఫీసులు తొందరగా వదిలారు. ఎండ ఇంకా కిటికీలో ఉండగానే ఇల్లు చేరాను. స్టూలు మీద ఆయన్ని చూడగానే ఒళ్లు మండిపోయి, సంచీ గోడకేసి కొట్టాను. దేనికి కాపలా కాస్తున్నావు, నా పని మీద నమ్మకం లేదా, ఉంటే లే, లేకపోతే ఆ నమ్మకం లేదనే మాట నా మొహం మీద చెప్పు అని గట్టిగా అడిగాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది.

"నమ్మకం నేక కాదే. రిలీవరు రాకుండా ఎలాగ లేస్తాను?" అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్లలో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. పంప్‌హౌస్‌లో షిఫ్టు మారేటప్పుడు గంట కొడితే మారినట్టు కాదట. వచ్చినవాడు కమ్మీల మీంచి వంగి కిందికి చూడాలి, గేజి కర్ర మీద నీరు ఎక్కడుందో చూడాలి, చెయ్యి వాల్వు చక్రం మీద వెయ్యాలి. వేసి, బెంగాలీలో "జొల్ దేఖ్లామ్, తుమి జావో" అనాలి. నీళ్లు చూశాను, నువ్వు వెళ్లు అని. బిహారీవాడైనా, ఒడియావాడైనా, మనవాడైనా ఆ మాట బెంగాలీలోనే అనాలి. అది వినేవరకూ ఉన్నవాడు లేవకూడదు, తుఫాను రానీ, ఇంట్లో చావు రానీ. విన్నాక లేచి వెళ్లేవాడు వెనక్కి తిరిగి నీళ్లను చూడకూడదు. చూస్తే వచ్చినవాణ్ని నమ్మనట్టు.

ఆయన ఆఖరి రోజుకు పంపులన్నీ ఆటోమేటిక్ అయిపోయాయి. గోడ మీద ఒక పెట్టె, అందులో దీపాలు. దండ వేశారు, మిఠాయి పెట్టారు, గేటు దాకా వచ్చి సాగనంపారు, అందరూ మంచివాళ్లే. కానీ ఆయన స్థానంలోకి మనిషి రాలేదు, రావలసిన పని లేదు. గంట కొట్టాక కూడా ఆయన చాలాసేపు కమ్మీల దగ్గర నిలబడ్డాడట, దండతోనే. ఎవరూ వచ్చి వంగి చూడలేదు. పెట్టె దీపాలు మాత్రం వెలుగుతూ ఉన్నాయి.

"ఎవులూ ఆ మాట అన్నేదు గుంటా. ఆ నీరు ఇంకా నా మీదే ఉంది."

అమ్మ గరిటె పట్టుకునే నేల మీద కూలబడింది. మా నాన్నకు నేను పైపు వేసి చూపించాను, పరీక్ష పెట్టి చూపించాను, గెలిచి చూపించాను. ఆయనకు కావలసింది అది కాదు.

బాత్రూంలోకి వెళ్లి ముఖం, చేతులు కడుక్కున్నాను. చున్నీ నడుముకు బిగించాను. నాన్న పక్కన నిలబడి, ట్యాంకు అంచు మీంచి వంగి చూశాను. దొంగచూపు కాదు, పూర్తిగా చూశాను. గీత మీద నీరు చూశాను. పళ్ల సందుల్లో పాచి ఉందేమో చూశాను, ఒక నత్త ఉంటే తీసి లోపల వేశాను. మొదటి పైపు, రెండో పైపు, కింద సంపు, పంపు, ప్లగ్గు, అన్నీ వరసగా చూశాను. ఆయన కళ్లు నా కళ్ల వెంటే తిరిగాయి. నేను ఏదైనా వదిలేస్తే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు, వదల్లేదు. చివరికి కుడి చెయ్యి వాల్వు మీద వేశాను.

"జొల్ దేఖ్లామ్ నాన్నా. తుమి జావో."

ఆయన వెంటనే లేవలేదు. సరిగ్గా సూసినావా అని అడిగాడు. సూసినాను అన్నాను, ఆయన భాషలోనే. పగడం కూడానా అన్నాడు. పగడం కూడా అన్నాను. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆన్చి నెమ్మదిగా లేచాడు. తూలితే పట్టుకోబోయాను. వాల్వు మీంచి సెయ్యి తియ్యకు అన్నాడు. తియ్యలేదు.

చొక్కా జేబులోంచి ఆ గాజు బిళ్లలు రెండూ తీసి స్టూలు మీద పెట్టాడు. చెప్పుల కోసం గుమ్మం దాకా నడిచాడు, కాలు ఎత్తి వెయ్యడానికి గోడ పట్టుకున్నాడు. అమ్మ, ఎక్కడికి, టీ పెడుతున్నాను అంది. కొట్టు దగ్గర తాగుతాను, బల్ల మీద నా గుర్రాన్ని ఎవడు కదిపాడో చూడాల అన్నాడు. గుమ్మం దాటాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన వెనక్కి తిరగలేదు.

మెట్లు దిగుతుంటే కింద నుంచి చాచా గొంతు ఎప్పటిలాగే వినిపించింది, సోములుదా, పానీ ఠీక్ హై? మెట్ల మీద అడుగులు ఒక్క క్షణం ఆగాయి.

"ముఝే క్యా మాలూమ్ భాయ్," అన్నాడు మా నాన్న. "మేరా డ్యూటీ ఖతమ్. ఊపర్ మేరీ బేటీ హై, ఉస్కో పూఛో." నాకేం తెలుసు, నా డ్యూటీ అయిపోయింది, పైన నా కూతురుంది, దాన్ని అడుగు అని.